పదనుకు పవర్‌పాయింట్

బెజవాడలో ఏసీ హాలు అద్దెకు తీసుకున్నాక నేల గురించి మాట్లాడటం చాలా తేలిక. కాలికి బురద అంటదు. ప్రొజెక్టర్ మొరాయించకపోతే చాలు. బందరు రోడ్డు మీదా, బెంజి సర్కిల్ చుట్టుపక్కలా ఇలాంటి సదస్సులకు కొదవ లేదు. గుమ్మం దగ్గరే ఒక గుడ్డసంచీ ఇస్తారు. అందులో పెన్ను, ప్యాడు, చిరుధాన్యాల బిస్కెట్ల ప్యాకెట్టు ఉంటాయి. లోపల తెర మీద ‘సస్టెయినబుల్’, ‘రీజెనరేటివ్’, ‘క్లైమేట్ స్మార్ట్’, ‘రెసిలియెన్స్’ అన్న మాటలు ఒక్కొక్కటీ గిరగిరా తిరుగుతూ వచ్చి కూర్చుంటాయి. మధ్యాహ్నం కొర్రల బిర్యానీ. సాయంత్రానికల్లా నేల బాగుపడిపోతుంది, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది.

వక్తల్లో ఒకాయన ఉంటాడు. ఎవరని అడక్కండి, ప్రతి సభలోనూ ఉంటాడు. “సాయిల్ మాయిశ్చర్ ఆప్టిమమ్ లెవెల్‌లో ఉన్నప్పుడే సోయింగ్ ఆపరేషన్స్ టేకప్ చేయాలి” అంటాడు. పామర్రు వైపు నుంచి బస్సెక్కించి తెచ్చిన రైతులు వెనక వరసలో కూర్చుని తలూపుతారు. పదను చూసి చల్లమంటున్నాడని వాళ్లలో పెద్దవాళ్లకు కాసేపటికి తడుతుంది. కుర్రాళ్లకు అదీ తట్టదు. వాళ్లకు ఆయన మాటా కొత్తే, ఈ మాటా కొత్తే.

పదను చూడటం ఎలాగంటే, జానెడు లోతున పిడికెడు మట్టి తీసి, ఉండ చేసి, నొక్కి వదలాలి. ఉండ ఉండలా నిలవాలి, బొటనవేలితో తాకితే విరిగిపోవాలి. అరచేతికి జిగురులా అంటుకుందంటే ఇంకా ఆగాలి. వేళ్ల సందుల్లోంచి జారిపోయిందంటే అదను దాటిపోయింది. ఖర్చు లేదు, బ్యాటరీ లేదు, ఏటా రెన్యువల్ చేయించుకునే పనీ లేదు. ఇలాంటి దిక్కుమాలిన విద్యకు గ్రాంటు ఎవడిస్తాడు? అందుకని సెన్సర్ వచ్చింది.

సెన్సర్ మీద నాకు పగేమీ లేదు. పదను తెలిసినవాడి చేతిలో పెడితే ఇంకా నాలుగు విషయాలు చూస్తాడు. కానీ మనం చేస్తున్న పని వేరు. పదను అన్న మాటే చెవిన పడని కుర్రాడి చేతికి ఫోనిచ్చి, అది టింగుమన్నప్పుడు విత్తు నాయనా అంటున్నాం. మట్టి వైపు చూడాల్సిన కళ్లను తెర వైపు తిప్పి, ఆపైన ‘మట్టితో మమేకం’ అని బ్యానరు కడుతున్నాం.

ఈ ముప్పు ముందే పసిగట్టినవాళ్లు లేకపోలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం వేసింది. సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి. విషయం వ్యవసాయం. భాషావేత్తలు జిల్లాలు పట్టుకు తిరిగి, రైతుల్ని అడిగి, నాగలి భాగాల దగ్గర నుంచి నూర్పిళ్ల దాకా ఒక్కో పనికి, ఒక్కో పనిముట్టుకు ఏ సీమలో ఏమంటారో రాసుకున్నారు. ఒకచోట నారుమడి, ఇంకోచోట ఆకుమడి. ఒకచోట నాట్లు, డెల్టాలో ఊడ్పులు. 1971లో చేనేత సంపుటం వచ్చింది. 1983లో అకాడమీనే ఎత్తేశారు. తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది, ఆ పని అక్కడికి చేరింది, పరిశోధక విద్యార్థులకు సిద్ధాంత గ్రంథాలూ దక్కాయి. తప్పు పుస్తకానిది కాదు. అంత గొప్ప పని తెలుగులో మళ్లీ మళ్లీ జరగలేదు. తప్పు మనది. మాటలన్నీ పుస్తకంలోకి ఎక్కాయి కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాం. పదకోశంలో చేరిన మాటకు పెద్దకర్మ ఘనంగా జరిపించినట్టే లెక్క వేసుకున్నాం. వ్యవసాయ శాఖ వాళ్లు అది సాహిత్యం అన్నారు, సాహిత్యం వాళ్లు అది వ్యవసాయం అన్నారు. అలమారా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇద్దరూ అడగలేదు.

మాట పోతే ఏం పోతుందయ్యా, పంట పండుతోందిగా అనే పెద్దమనుషులున్నారు. వాళ్లకోసం కాస్త మినుముల దగ్గర ఆగుతాను.

కృష్ణా డెల్టా నుంచి ప్రపంచం నేర్చుకోవలసిన విద్య ఒకటుంటే అది మాగాణి మినుము. సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేను ఇంకా నిలబడి ఉండగానే, వంగిన కంకుల మధ్య దిగి మినుములు చల్లుతారు. దున్నరు, ఎరువు వేయరు, చాలాచోట్ల తడి కూడా ఇవ్వరు. వరి వదిలేసిన తడికే గింజ మొలుస్తుంది. కోసిన పనలు మీద పడ్డా మొలక చావదు, వాటిని ఎత్తేదాకా ఆ నీడలోనే తలెత్తుతుంది. కొయ్యకాళ్ల మధ్య మంచు తాగి పెరుగుతుంది. సంక్రాంతి దాటాక కాయ పట్టి, ఎండలు ముదరకముందే ఇంటికొస్తుంది. పోతూ పోతూ వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని కట్టిపెట్టి, వచ్చే వరికి వదిలి వెళుతుంది. సదస్సుల్లో చెప్పే నాలుగు సూత్రాలూ, దున్నొద్దు, నేలను కప్పి ఉంచు, పంట మార్చు, నత్రజని కొనకు అన్నవన్నీ, ఇందులోనే ఉన్నాయి.

అయితే ఈ విద్య మొత్తం ‘ఎప్పుడు’ అన్న ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. చేలో నీళ్లు ఎప్పుడు తీసేయాలి, తీసేశాక ఎన్నాళ్లు ఆరనివ్వాలి, ఏ రోజు చల్లాలి? కాలు పెడితే కొంచెం దిగాలి, తీస్తే అడుగులో నీళ్లు ఊరకూడదు. తొందరపడితే గింజ కుళ్లుతుంది, ఆలస్యమైతే నెర్రెలో పడి చీమల పాలవుతుంది. పల్లపు చేలో ఒక రోజు, మెరక చేలో ఇంకో రోజు. ఇదంతా ఒక మనిషి ఇంకో మనిషికి చేనిగట్టు మీద నిలబడి, వేలు పెట్టి చూపిస్తూ, నాలుగు మాటల్లో చెప్పేవాడు. ఆ నాలుగు మాటలూ పోతే ఆ నాలుగు రోజులూ పోతాయి.

జపాన్‌లో మసనోబు ఫుకుఓకా అనే ఆయన నిలబడి ఉన్న వరిలోనే తర్వాతి పంట గింజలు చల్లి చూపించాడు. 1975లో పుస్తకం రాస్తే లోకమంతా పాకింది, తెలుగులోకీ వచ్చింది. మన పట్టణ మేధావులు చదివి పులకించిపోయారు. చల్లపల్లి దాటాక చేలో మినుములు చల్లుతున్న మనిషిని మాత్రం కారు అద్దంలోంచి చూసి, పాపం, ఇంకా పాత పద్ధతులే అనుకున్నారు. ఆయన చేసిన పొరపాటల్లా మొవ్వలోనో ఘంటసాలలోనో పుట్టటం. జపాన్‌లో పుట్టి ఉంటే మనమే శాలువా కప్పేవాళ్లం.

ఆ తర్వాత కోత మిషన్ వచ్చింది. కూలీల ఖర్చు భరించలేక తెచ్చుకున్నారు, తప్పుపట్టను. కానీ టన్నుల బరువున్న ఆ మిషన్ దిగాలంటే నేల గట్టిపడాలి. నేల గట్టిపడేదాకా ఆరబెడితే మినుముకు కావలసిన తడి పోతుంది. ముందే చల్లితే మొలకల్ని చక్రాలు నలిపేస్తాయి. కాలువలకు నీళ్లు ఆలస్యంగా వదిలిన ఏడు వరి కోత వెనక్కి జరుగుతుంది, మినుము ఎండల్లో ఇరుక్కుంటుంది. పైగా పల్లాకు తెగులు. ఆ పైన బంగారుతీగ, పేరు చూసి మోసపోకండి, మినుము మొక్కను చుట్టుకుని రసం పీల్చేసే పసుపుపచ్చ దయ్యం. ఇన్ని చికాకులు పడేకంటే మేలని మాగాణుల్లోకి ‘జీరో టిల్లేజ్’ మొక్కజొన్న దిగింది. దున్నకుండా వేసే సగం విద్య అందులోనూ ఉంది. ఎరువు లేకుండా పండించే సగం మాత్రం కట్టలు తెగిన బస్తాల కింద పడిపోయింది. ఇప్పుడు అదే హాల్లో, అదే తెర మీద, ‘రిలే క్రాపింగ్: ఎ వే ఫార్వర్డ్’ అని వస్తుంది. వెనక వరసవాళ్లు చప్పట్లు కొడతారు. భోజనాలు పెట్టినవాళ్ల మాట కాదనకూడదు కదా.

ఇక పురుగుమందుల కొట్టు. డెల్టాలో ఏ సెంటరుకు వెళ్లినా గుడి, కాఫీ హోటలు, పురుగుమందుల కొట్టు తప్పకుండా ఉంటాయి. వీటిలో దేవుడికీ కాఫీకీ పోటీ ఉంది, మూడోదానికి లేదు. అక్కడ జరిగే సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది:

“ఏం బాబాయ్, ఎట్టా ఉంది చేను?”

“ఎర్రబడతా ఉందిరా అబ్బాయ్.”

“ఆకా, మొదలా?”

“ఏవోరా, దూరం నుంచి చూస్తే అంతా ఎర్రగానే ఉంది.”

“సరే, ఈ మూడూ కలిపి కొట్టేయ్. పొద్దునకల్లా పచ్చబడుద్ది.”

వైద్యం అయిపోయింది. ఒకప్పుడు ఈ బాబాయ్ తండ్రి మొదట చేనులోకి దిగి, దుబ్బు పక్కకు వంచి, మొదలు చూసేవాడు. చేను అక్కడక్కడా సుడులు సుడులుగా ఎండితే అది సుడిదోమ. ఆకు కొస నుంచి అంచుల వెంట ఎండుతూ దిగితే ఎండాకు తెగులు. నూలుకండె లాంటి మచ్చ కనిపిస్తే అగ్గితెగులు. మొదట్లో పాము ఒంటి మీది చారల్లాంటివి కనిపిస్తే పాముపొడ. పేరులోనే చూడవలసిన చోటు, చూడవలసిన గుర్తు ఉన్నాయి. పేరు తెలిస్తే చేయవలసింది సగం తెలిసినట్టే. ఎండాకు తెగులుకు పురుగుమందు కొట్టడం గాల్లోకి డబ్బు విసరడమే, అక్కడ యూరియా ఆపాలి, నీళ్లు తీసేయాలి. సుడిదోమ అయితే ఊడ్పుల నాడే మందు మొదలవుతుంది. రెండు మీటర్లకొకటి చొప్పున తూర్పు పడమరలుగా 20 సెంటీమీటర్ల బాట వదిలేస్తారు. దాన్ని పాయలు తీయడం అంటారు. మొదళ్లకు గాలీ వెలుతురూ తగిలితే దోమకు నచ్చదు. పాయలు తీస్తే కొట్టువాడికి ఒక్క రూపాయి రాదు. అతనికి తెలిసిన వైద్యంలో పాయలు లేవు. పైగా కొన్ని రకాల మందులు మాటిమాటికీ కొడితే దోమను తినే సాలీళ్లు చచ్చి, దోమ ఇంకా పెరుగుతుందని శాస్త్రవేత్తలు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ ఏడు మళ్లీ కొట్టుకే రావాలి. ఇంత నిలకడైన వ్యాపారం ఇంకోటి లేదు. బహుశా ‘సస్టెయినబుల్’ అంటే ఇదేనేమో.

ఒక మాట చెప్పి తీరాలి. ఈ తెగుళ్ల పేర్లూ, పైరు దశల పేర్లూ ఇంకా అచ్చులో బతికి ఉన్నాయంటే మారుటేరు, బాపట్ల పరిశోధనా కేంద్రాల శాస్త్రవేత్తలు రైతుల కోసం రాసిన తెలుగు కరపత్రాల చలవ. చిరుపొట్ట, సుంకు, పాముపొడ అని వాళ్లు రాశారు. కరపత్రం రాసినప్పుడు రైతు మాట, పదోన్నతికి కావలసిన పేపరు రాసినప్పుడు ఇంకో మాట. జీతం దేనికి పెరుగుతుందో మీరే ఊహించుకోండి.

అసలు చేను చూసి మాట్లాడేవాడు ఎవడు మిగిలాడు? డెల్టాలో పట్టా ఒకరిది, దమ్ము ఒకరిది. భూమి గలాయన హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటాడు. అక్కడి నుంచి వాట్సాప్‌లో వ్యవసాయం:

“ఏమయ్యా, మన పొలం ఏ స్టేజిలో ఉంది?”

“చిరుపొట్ట మీదుంది బాబుగారూ.”

“చిరు… ఏంటి? సరే, ఒక ఫొటో పెట్టు.”

ఫొటోలో పచ్చగా కనిపిస్తుంది. ఆయన దానికి మన ఊరు, మన మట్టి అని రాసి స్టేటస్‌లో పెట్టుకుంటాడు. అరవై మంది చేతులు జోడిస్తారు. ఇక్కడ కౌలుదారు మాత్రం ఆ ఒక్క మాట మీదే మూడో దఫా యూరియా చల్లటానికి దిగుతాడు. దమ్ములో ఒకసారి, పిలకలప్పుడు ఒకసారి, చిరుపొట్టప్పుడు ఒకసారి. అది దాటాక వేస్తే ఆకు నల్లబడుతుంది, తెగులు కూర్చుంటుంది. నాటిన మొక్క మూన తిరిగిందా, పిలకలేసిందా, పొట్ట మీదుందా, ఈనిందా, సుంకు మీదుందా, పాలుపోసుకుందా అన్న ప్రతి మాటా ఒక ఆజ్ఞే. సుంకు మీదుంటే పొద్దుటిపూట మందు కొట్టకూడదు. పాలుపోసుకునేటప్పుడు నీటి ఎద్దడి రాకూడదు. ఈ మాటలు తెలిసినవాడి పేరున పాస్‌బుక్ లేదు, పాస్‌బుక్ ఉన్నాయనకు ఈ మాటలు తెలియవు. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డులిస్తామని ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. రెండోదానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందని ఆయన భయం. కార్డు లేకపోతే అప్పూ రాదు, నష్టపరిహారమూ రాదు. సుస్థిర వ్యవసాయ శిక్షణకు పిలుపు వచ్చేదీ పట్టాదారుకే. ఆయన డాలస్‌లో ఉన్నాడు, కాబట్టి బావమరిది వచ్చి బిర్యానీ తిని వెళతాడు.

ఊడ్పులూ కలుపూ ఆడవాళ్ల పని కాబట్టి, ఈ మాటల్లో పెద్ద వాటా వాళ్లది. కలుపు తీస్తూనే పొన్నగంటికూర, గంగవావిలి వేరు చేసి ఒడిలో వేసుకునేవాళ్లు. కలుపుమందు వచ్చాక ఆ తేడా అనవసరమైంది. చేలో చచ్చిన గంగవావిలి ఇప్పుడు బెజవాడ ఆర్గానిక్ షాపులో ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుని ఒమేగా గురించి చెబుతోంది.

ఇదంతా చదివి, ఆహా పాత రోజులు అని నిట్టూర్చేవాళ్లతో నాకు వేరే పేచీ ఉంది. పోయిన మాటల్లో పాలేరుతనం ఉంది, వెట్టి ఉంది. ఆ మాటలు పోతే పీడా పోయింది, వాటికి నేను తద్దినం పెట్టను. కళ్లంలో మేర కోసం చేతులు కట్టుకు నిలబడ్డ మనిషి మనవడు ఇవాళ ఆ మాట మరిచిపోతే అది అతని గెలుపు. పాత పదాలన్నీ పవిత్రమని ఉపన్యసించే పెద్దాయన ఇంట్లో ఎవరూ పాలేరుతనం చేసి ఉండరని పందెం కాస్తాను. కొత్త వంగడాలనూ తిట్టను. 1982లో మారుటేరు నుంచి స్వర్ణ రాకపోతే, 1986లో బాపట్ల నుంచి సాంబమసూరి రాకపోతే ఈ వ్యాసం ఖాళీ కడుపుతో రాసేవాణ్ణి, రాయగలిగితే. మన రైతు వాటిని పేరుతో కూడా పిలవడు, డెబ్బై ఇరవైతొమ్మిది, యాభైరెండు సున్నా నాలుగు అంటాడు, అచ్చం లారీ నంబర్లు. ఫర్వాలేదు.

కానీ ఆ స్వర్ణ కథలోనే ఇంకో మెలిక ఉంది. స్వర్ణ మునిగితే చచ్చేది. ఒడిశా రైతులు తరాలుగా పేరు పెట్టి దాచుకున్న ధళపుటియా అనే వరి మునిగినా బతికేది. దాని నుంచి తీసిన ఎఫ్‌ఆర్ 13ఏ రకంలోని ముంపును తట్టుకునే జన్యువును స్వర్ణలోకి ఎక్కించారు. అలా 2009లో స్వర్ణ సబ్-1 వచ్చింది. ఆ ఊళ్లవాళ్లు ఆ వరిని మామూలు వడ్లలో కలిపేసి, పేరు మరిచిపోయి ఉంటే ప్రయోగశాలకు వెతికేందుకు ఏం దొరికేది? మన కృష్ణకాటుకలు, అక్కుళ్లు, గరికసన్నాలు ఏ చేలో ఉన్నాయని అడిగితే జవాబు చెప్పే ముసలివాళ్లను ఇప్పుడు లెక్కపెట్టడం తేలికే.

మాట మరిచిన ఊరికి నది గుర్తు చేస్తుంది. పొలాలకు పేర్లుండేవి: మెరకచెక్క, చౌటిచెక్క, ముంపుచెక్క. పేరు వింటే ఎక్కడ ఏం వేయాలో, ఎక్కడ ఇల్లు కట్టకూడదో తెలిసేది. తర్వాత సర్వే నంబర్లొచ్చాయి. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో రీసర్వే మొదలుపెట్టి, డ్రోన్లు ఎగరేసి, సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు తెచ్చారు. సెంటు తేడా రాకుండా కొలిచారట, సంతోషం. ఆ చేను పల్లమా, మెరకా అన్న గడి ఎక్కడుందో కనిపించలేదు. పాస్‌బుక్ మీద ఎవరి బొమ్మ ఉండాలన్న దాని మీద మాత్రం ఎన్నికలదాకా కొట్టుకున్నాం. ముంపుచెక్కను ప్లాట్లు వేసి ‘గ్రీన్ మెడోస్’ అని ఆర్చీ కట్టిన మహానుభావుడికి పల్లం అన్న మాట తెలియదని నేననను, తెలిసే పేరు మార్చాడు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు సింగ్‌నగర్ మీద పడి రోజుల తరబడి కదలకుండా కూర్చున్నప్పుడు, విజయవాడలో పెద్ద భాగం మెడలోతు నీళ్లలో నిలబడి ఆ మాటకు అర్థం నేర్చుకుంది. బుడమేరుకు ఎల్‌పీఎం నంబరు చూపించినా తిరిగి వెళ్లలేదు.

ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం వైపు వద్దాం. ఇక్కడ కాస్త జాగ్రత్తగా నడవాలి, ఎందుకంటే ఇది మంచి పని. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆంధ్రలో నడుపుతున్న ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవతా బహుమతి ఇచ్చింది. మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తో, ఈజిప్టు సంస్థ సెకెమ్‌తో కలిపి ఇచ్చారు. పొదుపు సంఘాల ఆడవాళ్లు ఊరూరా తిరిగి చేస్తున్న పనికి ఆ గౌరవం తగినదే. నా తగువు పేర్ల దగ్గరే. ద్రవజీవామృతం, ఘనజీవామృతం, బీజామృతం, నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం! సుభాష్ పాలేకర్ గారు పెట్టిన పేర్లు. చేలోకి దిగామా, కురుక్షేత్రంలోకి దిగామా అన్న అనుమానం వస్తుంది. పేనుబంకకు నీమాస్త్రం, కాయతొలిచే పురుగుకు బ్రహ్మాస్త్రం, మరి మిడతల దండు వస్తే పాశుపతం కోసం తపస్సు చేయాలా? వానలకు ముందు పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పని ‘పీఎండీఎస్’ అయింది. జనుము, పిల్లిపెసర, జీలుగ చల్లి కలియదున్నడం డెల్టాకు తెలియని విద్యా? గొర్రెల మంద కట్టించడం, పాటిమన్ను తోలడం, చెరువు మట్టి తోలడం, పెంటపోగు తిరగేయడం, ఇవన్నీ ఈ నేలకు పెట్టిన తిండి పేర్లే. పెంట అంటే అధికారి ముక్కు మూసుకుంటాడు. ఘనజీవామృతం అంటే కళ్లు మూసుకుని దణ్ణం పెడతాడు. రైతు నోట్లో ఉన్న మాటనే పట్టుకుని మొదలుపెట్టి ఉంటే, నాకు తెలిసిన పనేగా అని ఇంకో నలుగురు ముందుకు వచ్చేవాళ్లేమో. అస్త్రం అనగానే, ఇది నా వల్ల కాదు, ఎవరో మునీశ్వరుడు రావాలి అనుకుని యూరియా బస్తా ఎత్తుకున్నాడు.

పేర్లు పెట్టటంలో మన ప్రభుత్వాలకు ఓపిక లేదని మాత్రం ఎవరూ అనలేరు. 2020 మే 30న ఊరూరా రైతు భరోసా కేంద్రాలు తెరిచారు. 2024లో ప్రభుత్వం మారింది, అవి రైతు సేవా కేంద్రాలయ్యాయి. భరోసా పోయి సేవ వచ్చింది. ఈ మార్పులో నిలకడగా ఆదాయం పెరిగింది బోర్డులు రాసే పెయింటర్లకే. కేంద్రం లోపల ధాన్యం కొనుగోలు మాత్రం మారలేదు. తేమ 17 శాతం దాటకూడదు. పాత రైతు గింజను పంటి కింద పెట్టి కొరికేవాడు. టక్కున విరిగితే ఆరింది, నలిగితే ఇంకో ఎండ కావాలి. ఇప్పుడు కేంద్రంలో మిషన్ ఒక అంకె చెబుతుందని, లారీ మిల్లుకు చేరేసరికి అక్కడి మిషన్ ఇంకో అంకె చెబుతుందని, దారిలో ధాన్యం చెమట పట్టిందేమోనని రైతులు నవ్వలేక నవ్వుతారు. ఆకాశంలో మబ్బు, కళ్లంలో రాశి, పైన పట్టా కప్పిన కౌలుదారు. అతన్ని నిరుడు ఒక ఊళ్లో, కొత్త బోర్డు కింద నిలబడి ఉండగా, కేంద్రం పేరు మారడం మీద మీ అభిప్రాయం ఏమిటని అడిగాను. బోర్డు వైపు ఒకసారి చూశాడు.

“పేరుదేవుందండీ, మంచిపేరే. దీంట్లోనైనా గోనెసంచులు ఉంటాయా?”